చీనీ (బత్తాయి) చెట్లు నరికేసినారు, కోర్టులో నిలబడే నష్టం లెక్క ఎట్ల కట్టాల?

నార్పల చేను:
అనంతపురం జిల్లా, నార్పల పక్క తోట. మా చిన్నాయనది. సాత్‌గుడి చీనీ, 11 ఏళ్ళ చెట్లు, మొత్తం 210. గెనెం (హద్దు గట్టు) తగాదాలో మూడు రోజుల కిందట రాత్రి 86 చెట్లు నరికినారు. కొన్ని నేలకు జానెడు ఎత్తున, కొన్ని మోకాలి పైకి. కాయ నిమ్మకాయంత సైజులో ఉండె. డ్రిప్ లేటరల్స్ (చెట్ల వరుసల వెంట పరిచే సన్న పైపులు) కూడా కొడవలితో ముక్కలు చేసినారు. ఎఫ్‌ఐఆర్ అయింది. ఫిర్యాదులో నష్టం "సుమారు 10 లక్షలు" అని ఊరోళ్ళు రాయించినారు, అది యాడ నుంచి వచ్చిన లెక్కో ఎవరికీ తెలీదు.

క్రిమినల్ కేసు ఒకపక్క నడుస్తుంది, నష్టపరిహారం దావా కూడా వేయాలనుకుంటున్నాం. చెట్టుకు ఇంత అని ఎవరు కడతారు? రోడ్డుకు భూమి పోయినోళ్ళకు చెట్టుకు బాగా ముట్టిందంట, అదే రేటు అడగొచ్చా? చెట్టుకు వేరే, కాయకు వేరే, రాబోయే ఏళ్ళకు వేరే వేసుకోవచ్చా? అవతలోళ్ళేమో "మొదుళ్ళు చిగురిస్తాయిలే, నష్టమేముంది" అని అప్పుడే అంటున్నారు. చిన్నాయనకు మొదుళ్ళు పీకించి ఈ వానలకే కొత్త మొక్కలు పెట్టాలని తొందర. తెలిసినోళ్ళు చెప్పండన్నా.

అంటుముడి:
జేసీబీని ఆపండి ముందు. మొదుళ్ళే మీ సాక్ష్యం. అవి పీకినాక 86 అనేది మీ మాట, 40 అనేది వాళ్ళ మాట.

ఈ రోజే చేయాల్సిన పని చెప్తా. వరుసలకు అంకెలు వేసుకోండి, ప్రతి వరుసలో చెట్టుకు అంకె వేసుకోండి, నిలిచి ఉన్నవాటికి కూడా. ఎర్ర ఆయిల్ పెయింట్‌తో మొదులు మీదనే "3/7" అని రాయండి, అంటే మూడో వరుస, ఏడో చెట్టు. పుస్తకంలో ఒక్కో చెట్టుకు ఒక్కో గీత: నంబరు, అంటుముడికి (కింది వేరు మొక్కకు పైన చీనీని అంటుకట్టిన చోటు) జానెడు పైన చుట్టుకొలత (ముడికి కిందనే నరికి ఉంటే పడిన మాను మీద), నేల నుంచి ఎంత ఎత్తులో నరికినారు, కోత అంటుముడికి పైనా కిందా, పక్కన కొమ్మలకు కాయ ఉందా. ముందే చచ్చిపోయిన చెట్ల గుంతలు ఉంటే "ఖాళీ" అని నిజాయితీగా రాయండి. ఒక్క పాత ఎండు మొదులు కొత్తవాటిలో కలిపినా క్రాస్‌లో (అవతలి వకీలు ప్రశ్నించేటప్పుడు) మొత్తం పుస్తకం మీద నమ్మకం పోతుంది. పచ్చి కోత తెల్లగా, తడిగా ఉంటుంది; వారం దాటితే గోధుమరంగుకు తిరుగుతుంది, అప్పుడు పాతదీ కొత్తదీ ఫొటోలో తేల్చడం కష్టం. అందుకే ఈ రోజే అంటున్నా.

ఫొటోలో మొదులు పక్కన టేపు పెట్టి, నంబరు కనబడేట్టు తీయండి. వరుస మొదట్లో నిలబడి చివరిదాకా నడుస్తూ ఒక్క వీడియో, మధ్యలో ఆపకుండా. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ కాదు, తీసిన ఫోన్లో అసలు ఫైలు అట్లనే ఉండాల.

ఇంక "చిగురిస్తాయి" అనే మాట. ఇందులో సగం నిజముంది, దాన్ని మీరే ముందు చెప్పాల. చీనీ అంటు మొక్క. కింద వేరు మూలం జంబేరి గానీ రంగపూర్ నిమ్మ గానీ, పైన సాత్‌గుడి. అంటుముడి మామూలుగా నేలకు జానెడు, జానెడున్నర ఎత్తులో ఉంటుంది, బెరడు రంగు మారి చిన్న ఉబ్బు కనబడుతుంది. కోత ముడికి కిందపడితే వచ్చే చిగురంతా వేరుమూలానిది. ముళ్ళు బలంగా ఉంటాయి, ఆకు వేరే రకం, కాయ పులుపు, మార్కెట్లో దాన్ని అడిగేవాడుండడు. పచ్చగా కనిపించినా ఆ చీనీ చెట్టు పోయినట్టే. కోత ముడికి పైన, మోకాలెత్తు కంటే పైన ఉంటే మాత్రం సాత్‌గుడి చిగురే వస్తుంది. పట్టించుకుంటే మూడో ఏట కొంత కాపు కనబడుతుంది. కాబట్టి 86ను రెండు గుంపులుగా విడగొట్టండి. ఈ రెంటి నష్టం ఒకటి కాదు.

పై గుంపును కాపాడటం మీ బాధ్యత కూడా. తగ్గించుకోగల నష్టాన్ని తగ్గించుకోకుండా వదిలేస్తే ఆ భాగం కోర్టు కోసేస్తుంది. ఫొటోలు, పంచనామా అయినాక కోతను రంపంతో నున్నగా, ఏటవాలుగా చేసి బోర్డో పేస్ట్ పూయండి: మైలుతుత్తం 1 కిలో 5 లీటర్ల నీళ్ళలో, సున్నం 1 కిలో ఇంకో 5 లీటర్లలో, విడివిడిగా కరగబెట్టి తర్వాత కలపాల. ప్లాస్టిక్ బకెట్లో, ఇనుప దాంట్లో వద్దు. కలిపినాక ఇనుప చాకు ముంచి తీయండి, రాగి రంగు పట్టిందంటే సున్నం చాల్లేదని. నీడ పోయిన మొండాలకు సున్నం కొట్టకపోతే మన ఎండకు బెరడు చిట్లుతుంది. ఆకులేని చెట్టు నీళ్ళు తక్కువ తాగుతుంది, డ్రిప్ టైము తగ్గించండి, లేకుంటే వేరుకుళ్ళు మొదలవుతుంది. వీటి బిల్లులు, కూలి చీటీలు దాచండి, అవి కూడా అడగొచ్చు.

సివిల్ సైడు:
పైన చెప్పింది అక్షరాలా చేయండి. లెక్క సంగతి నేను చెప్తా.

సూత్రం ఒక్కటే. ఆ రాత్రి ఏమీ జరగకపోయి ఉంటే చిన్నాయన ఏ స్థితిలో ఉండేవాడో డబ్బుతో అక్కడికి చేర్చాలి. అంతకు మించి కాదు, అంతకు తక్కువ కాదు. దీనికి రెండు దారులుంటాయి: నరికినందువల్ల తోట విలువ ఎంత పడిపోయింది అన్నది ఒకటి, తిరిగి మునుపటిలా చేసుకోడానికి ఎంత పడుతుంది, ఆలోపు ఎంత రాబడి పోతుంది అన్నది ఇంకోటి. ఏదో ఒకటే. రెండూ కలిపితే ఒకే నష్టాన్ని రెండుసార్లు అడిగినట్టు. పండ్ల తోటకు రెండో దారే నిలబడుతుంది, ఎందుకంటే నేల మీదే ఉంది, మళ్ళీ నాటుతారు కూడా.

రోడ్డు రేట్లు పట్టుకోకండి. 2013 భూసేకరణ చట్టంలో లెక్క వేరు. అక్కడ నేలతో సహా పోతుంది, కట్టిన విలువ మీద నూటికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనం) కలుస్తుంది. ఊర్లో చెప్పుకునే అంకెలు ఆ కలిపినవి. 1995లో సుప్రీంకోర్టు హరియాణా ప్రభుత్వం – గురుచరణ్ సింగ్ కేసులో పండ్ల చెట్ల రాబడి మీద విలువ కడితే 8 ఏళ్ళ గుణకం (ఏటి రాబడికి 8 రెట్లు) చాలన్నది కూడా భూసేకరణ కోసమే. మీ వకీలు దాన్ని చూపిస్తే అవతలి వకీలు "నేల నీ దగ్గరే ఉంది కదా" అని ఒక్క ప్రశ్నతో దించేస్తాడు. మీకు కావాల్సింది కొత్త మొక్క ఈ చెట్టంత కాసేదాకా పట్టే ఏళ్ళు.

ఎక్కువమంది జారిపడే చోటు చెట్టు మీది కాయ. నిమ్మకాయంత కాయ రాలిపోయింది, అది ఈ ఏటి పంట. మీరు మొదటి ఏడు రాబడి నష్టం వేసుకుంటే అందులో ఈ కాయ ఉంది. మళ్ళీ "నిలువు పంట" అని ఇంకో పద్దు రాస్తే డబుల్. దావాల్లో ఇది తరచూ కనబడే తప్పు, దీన్ని పట్టుకున్న ప్రతివాది మిగతా పద్దులన్నీ కూడా ఇంతేనని వాదిస్తాడు.

ఇంకోటి, రాబడి అంటే అమ్మిన మొత్తం కాదు. ఎరువు, మందులు, కలుపు, కోత కూలి, యార్డుకు బండి కిరాయి ఆ చెట్లు లేనందువల్ల మీకు మిగులుతాయి, అవి తీసేయాలి. కానీ చెట్లు పోయినా తగ్గని ఖర్చు తీయకూడదు. కాపలా మనిషి జీతం 86 చెట్లు పోయాయని తగ్గదు, బోరు మోటారు రిపేరు తగ్గదు. మొత్తం ఖర్చును చెట్ల సంఖ్యతో భాగించి తీసేస్తే మీరే మీ నష్టం తగ్గించుకున్నట్టు.

ఫిర్యాదులో 10 లక్షలు అని రాసినందుకు కంగారు వద్దు, కానీ దావాలో ఆ అంకె వాడకండి. భారతీయ న్యాయ సంహిత 324లో నష్టాన్ని బట్టి శిక్ష మారుతుంది: 20 వేల నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ళ దాకా, లక్ష, ఆపైన అయితే ఐదేళ్ళ దాకా. మీది ఎట్లా లెక్కేసినా లక్ష దాటుతుంది, అందుకు 10 లక్షలు రాయాల్సిన పనే లేదు. ఇప్పుడు చెట్టువారీ లెక్క తయారైనాక దర్యాప్తు అధికారికి అదనపు వాంగ్మూలంగా ఇచ్చేయండి. లేకపోతే దావా విచారణలో "అక్కడ పది, ఇక్కడ నాలుగు, ఏది అబద్ధం?" అని అడుగుతారు.

కాటా చీటీ:
రుజువు కాగితాల గురించి. దిగుబడికి యార్డు తక్‌పట్టీలే (బరువు, ధర రాసి ఇచ్చే అమ్మకం చీటీలు) గట్టివి. కనీసం మూడేళ్ళవి తీయండి, ఒక మంచి ఏడాది మాత్రమే చూపిస్తే చీనీ ధర తెలిసిన ఎవడైనా నవ్వుతాడు. టన్ను ధర ఒకే ఏట రెండింతలు, మూడింతలు ఎక్కి దిగే సరుకు ఇది. సూటు (యార్డులో తరుగు పేరుతో తీసేసేది) కింద కోసేసిన బరువు తక్‌పట్టీలో ఇప్పటికే పోయి ఉంటుంది. మీరు బిల్లు బరువే తీసుకోండి, తోటలో తూచిన బరువు వద్దు. తోటలోనే వ్యాపారికి గుత్తకు ఇచ్చిన ఏడు ఉంటే బ్యాంకులో పడిన సొమ్ము, కాటా చీటీ చాలు. ధరకు మార్కెట్ కమిటీ కార్యదర్శి దగ్గర ఆయా నెలల ధరల సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు.

చెట్ల సంఖ్యకు ఈ-పంట నమోదు, అడంగల్ చూపిస్తారు గానీ వాటిలో విస్తీర్ణం ఉంటుంది, చెట్టు లెక్క ఉండదు. డ్రిప్ సబ్సిడీలో తీసుకుని ఉంటే ఏపీఎంఐపీ (రాష్ట్ర డ్రిప్ సబ్సిడీ పథకం) ఫైల్లో మొక్కల మధ్య దూరం, డిజైన్ మ్యాపు ఉంటాయి, దాని కాపీ అడగండి. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల ఉపగ్రహ చిత్రాలు కూడా తీయండి. 11 ఏళ్ళ చీనీ గొడుగు పైనుంచి గుండ్రంగా, వరుసగా స్పష్టంగా కనబడుతుంది, లెక్కపెట్టొచ్చు. నరకక ముందు తేదీది ఒకటి, తర్వాతది ఒకటి.

విలువ కట్టేది ఎవరంటే, రైతు సేవా కేంద్రంలో ఉండే గ్రామ ఉద్యాన సహాయకుడి దగ్గర మొదలుపెట్టండి, అక్కడి నుంచి మండల ఉద్యాన అధికారి తనిఖీ నివేదిక. రెడ్డిపల్లి కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) శాస్త్రవేత్తలకు కూడా అర్జీ పెట్టుకోవచ్చు. వాళ్ళ దగ్గర డబ్బు అంకె ఒక్కటే కాదు, మూడు ముక్కలు రాయించుకోండి: చెట్ల వయసూ ఆరోగ్యమూ, కోత ముడికి పైనా కిందా, కొత్త మొక్క ఎన్నేళ్ళకు ఈ కాపుకు వస్తుంది. ఆ మూడూ నిపుణుడి మాటలుగా ఉంటే మిగతాది కూడికే.

నార్పల చేను:
చాలా థ్యాంక్స్ అన్నలారా. ఈ రోజు పొద్దున నుంచి రంగు డబ్బా పట్టుకొని తోటలోనే ఉన్నాం. తేలినవి: ముడికి కింద నరికినవి 52, పైన 34. మూడేళ్ళ బిల్లులు దొరికినాయి, మొత్తం తోటకు మూడేళ్ళకు కలిపి 37.8 టన్నులు, 9,07,200 రూపాయలు. ఏటా ఖర్చు సుమారు 1,36,500, అందులో కాపలా, మోటారు, కంచె కలిపి 27,300. లేటరల్ 900 మీటర్లు పోయింది, కొత్తదానికి కొటేషన్ 11,700, బిగించే కూలి 2,000. అది వేసి నాలుగేళ్ళు. కట్టెలు ఒకాయన 5,000కు అడిగినాడు. కొత్త మొక్క, గుంత, పశువుల ఎరువు, పాత మొదులు పీకడం కలిపి చెట్టుకు 450 పడుతుందంట, కాపుకొచ్చేదాకా సాకడానికి ఏడాదికి 250. నరికిన మొండాలకు కోతలు సరిచేసి, పేస్ట్, సున్నం, అదనపు చిగుర్లు తీయడం, ఎరువు అన్నీ కలిపి చెట్టుకు మొత్తంగా 400.

సివిల్ సైడు:
ఇట్లా అంకెలు తెచ్చిన వాది దొరకడమే అరుదు. వేద్దాం.

ఏడాదికి సగటు 12.6 టన్నులు, 210 చెట్లకు చెట్టుకు 60 కిలోలు. సగటు ధర టన్నుకు 24,000, అంటే చెట్టుకు 1,440. తగ్గే ఖర్చు 1,36,500 లోంచి 27,300 తీస్తే 1,09,200, చెట్టుకు 520. నికరంగా చెట్టు ఏడాదికి 920 ఇస్తోంది.

ముడికి కింద నరికిన 52 చెట్లకు: కొత్త మొక్క మొదటి నాలుగేళ్ళు ఏమీ ఇవ్వదు, ఐదో ఏట పావు వంతు, ఆరో ఏట సగం, ఏడో ఏట ముప్పావు, ఎనిమిదికి సమానం అనుకుందాం. ఈ మెట్లు ఉద్యాన అధికారి నివేదికలో ఉండాలి, మన ఊహగా కాదు. పోయేది నాలుగేళ్ళు పూర్తిగా, తర్వాత 0.75, 0.5, 0.25, కలిపి ఐదున్నర ఏళ్ళ రాబడి, 5,060. కానీ ఏడో ఏట రావాల్సిన డబ్బు ఇప్పుడే చేతికొస్తే దాని విలువ ఎక్కువ. ఏటికి 8 శాతం చొప్పున తగ్గిస్తే ఐదున్నర కాస్తా 4.28 అవుతుంది, చెట్టుకు 3,940. తగ్గింపు మీరే వేసి చూపిస్తే అవతలి వాళ్ళకు కోయడానికి ఏమీ మిగలదు. దానికి నాటే ఖర్చు 450, నాలుగేళ్ళ సాకుడు 1,000. చెట్టుకు 5,390, యాభై రెండుకు 2,80,280.

పైన నరికిన 34కు: రెండేళ్ళు పూర్తిగా, మూడో ఏట సగం, నాలుగో ఏట పావు వంతు పోతుంది. రెండు ముప్పావు ఏళ్ళు. 8 శాతంతో 2.36. చెట్టుకు 2,175, సంరక్షణ 400, మొత్తం 2,575. ముప్పై నాలుగుకు 87,550.

డ్రిప్ దగ్గర కాస్త వాదన ఉంది. నాలుగేళ్ళు వాడిన పైపుకు కొత్త పైపు ధర ఇస్తే మీకు లాభం కదా అంటారు, తరుగు తీసేయమంటారు. నాలుగేళ్ళ పాత లేటరల్ ఎక్కడా అమ్మరు, కొత్తది కొనక తప్పదు, కాబట్టి పూర్తిగా 11,700 అడగండి, కోర్టు సగం కోసినా కూలి 2,000 మాత్రం పూర్తిగా రావాలి, కూలికి తరుగు ఉండదు. సబ్సిడీలో వచ్చిన పైపే కదా అనే మాట కూడా వస్తుంది. అదే సర్వే నంబరుకు ఏడేళ్ళ దాకా మళ్ళీ సబ్సిడీ రాదు, ఇప్పుడు కొనాల్సింది పూర్తి ధరకే, అదే జవాబు.

కట్టెల 5,000 తీసేయండి. 2,80,280, 87,550, 13,700 కలిపి, 5,000 తీస్తే 3,76,530. ఇది కోర్టులో నిలబడే అంకె. దీనిపైన నరికిన రోజు నుంచి వడ్డీ అడగండి. డిక్రీ తర్వాత వడ్డీ ఇలాంటి దావాలో మామూలుగా 6 శాతం దాటదు.

ఒక హెచ్చరిక. తోట వయసు 11 కాబట్టి ఇది పనిచేసింది. 18 ఏళ్ళ తోట, వేరుకుళ్ళుతో సగం ఎండిన కొమ్మలు అయితే ఐదున్నర ఏళ్ళు అడగలేరు, ఆ చెట్టుకు మిగిలిన ఆయుష్షు వరకే. నిలిచి ఉన్న 124 చెట్ల ఫొటోలు కూడా అందుకే తీయండి, నరికినవి ఎంత ఆరోగ్యంగా ఉండేవో వాటి పక్క చెట్లే చెప్తాయి.

మనోవేదనకు ప్రత్యేకంగా అంకె వేయడం నాకు ఇష్టం లేదు. కావాలని, రాత్రిపూట, కక్షతో చేసిన పని కాబట్టి దండనగా అదనపు పరిహారం కోరవచ్చు, ఒక పేరాలో అడగండి. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కోర్టు ఫీజు అడిగిన మొత్తాన్ని బట్టి ఉంటుంది, గాల్లో అంకె వేస్తే ఫీజు మాత్రం గాల్లో ఉండదు.

గెనెం గట్టు:
అన్నా, ఒకటి మర్చిపోతున్నారు. తగాదా గెనెం మీద. నరికిన చెట్లలో కొన్ని వాళ్ళ సర్వే నంబర్లో ఉన్నాయని జవాబు దావాలో రాస్తారు, రాసి తీరుతారు. సచివాలయంలో ఎఫ్-లైన్‌కు అర్జీ పెట్టి మండల సర్వేయరుతో హద్దు కొలిపించండి. పాత ఎఫ్‌ఎంబీ, రీసర్వే అయి ఉంటే ఎల్‌పీఎం రెండూ (పాత, కొత్త సర్వే పటాలు) తీసుకోండి, అవి రెండూ కలవని చోట్లే తగాదాలు పుడుతున్నాయి. పుస్తకంలో గెనెం పక్క వరుసను వేరే పేజీలో రాయండి. హద్దు ఎటు తేలినా మిగతా వరుసల లెక్క చెడకుండా ఉంటుంది. 11 ఏళ్ళు ఒకరి అనుభవంలో ఉన్న తోటను రాత్రిపూట వచ్చి నరికే హక్కు హద్దు తేలినా ఎవరికీ రాదు గానీ, ఆ వరుస చెట్ల డబ్బు ఎవరిదనే ప్రశ్న మాత్రం వస్తుంది.

కదిరి పల్లె:
ఇదే చర్చలో అడుగుతున్నా, ఏమనుకోకండి. వేరుశనగ వామికి నిప్పు పెడితే లెక్క ఇట్లనేనా? తోట కౌలుది అయితే ఎవరు అడగాల?

సివిల్ సైడు:
వామి లెక్క సులువు, మళ్ళీ పెంచాల్సిందేమీ లేదు. తగలబడిన రోజు దాని ధర ఎంతో అంతే. విస్తీర్ణం, ఆ ఊర్లో ఆ ఏటి దిగుబడి, క్వింటాలు ధర. యార్డు ధర దొరక్కపోతే మద్దతు ధర ఆధారం, 2025-26కు వేరుశనగకు 7,263 రూపాయలు. కాయ ఇంకా కట్టెకే ఉంది కాబట్టి విడిపించే మిషన్ కూలి, సంచులు, యార్డు దాకా బాడుగ తీసేయాలి, ఆ ఖర్చు పెట్టలేదు కదా. కట్టె మేత విలువ కలపడం చాలామంది మర్చిపోతారు, ట్రాక్టరు లోడు లెక్కన అది కలపండి. ఫైరింజన్ వచ్చి ఉంటే వాళ్ళ సర్టిఫికెట్ తీసుకోండి. నిప్పు కాబట్టి సెక్షన్ కూడా 326, పంటకు నిప్పు పెడితే ఏడేళ్ళ దాకా శిక్ష.

కౌలు అయితే నష్టం ఇద్దరిది. సీసీఆర్సీ (కౌలుదారు సాగు హక్కు పత్రం) 11 నెలలకే ఇస్తారు, కాబట్టి ఈ ఏటి పంట కౌలుదారుది, చెట్టు, రాబోయే ఏళ్ళు యజమానివి. ఇద్దరూ ఒకే దావాలో వాదులుగా చేరడం మేలు. విడిగా వేస్తే ప్రతివాది ఒకరి నష్టాన్ని ఇంకొకరి మీదకు తోసేస్తాడు. గుత్తకు కొన్న వ్యాపారి అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ ఏటి కాయ అతనిది, అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశారా లేదా అన్నది ముందే తేల్చుకోండి.

నార్పల చేను:
ఇంకో రెండు అనుమానాలు. క్రిమినల్ కేసు కొట్టేస్తే దావా కూడా పోతుందా? ఊర్లో పెద్దమనుషులు రెండు లక్షలకు రాజీ అంటున్నారు.

సివిల్ సైడు:
పోదు. అక్కడ అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, ఇక్కడ ఎటువైపు మొగ్గుంది అన్నది చూస్తారు. చూసిన సాక్షి లేకపోయినా ముందురోజు బెదిరింపులు, అడుగుజాడలు, సెల్ టవర్ వివరాలు, పోలీసులు పట్టుకున్న గొడ్డళ్ళు ఇక్కడ పనికొస్తాయి. దావాకు గడువు మూడేళ్ళు, నరికిన రోజు నుంచి. క్రిమినల్ తీర్పు వచ్చాక చూద్దామని కూర్చుంటే ఆ మూడేళ్ళు ఇట్టే అయిపోతాయి, ఇదే ఎక్కువ దావాలను చంపేది. శిక్షపడితే అదే మెజిస్ట్రేటు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 395 కింద పరిహారం ఇప్పించవచ్చు, వచ్చిన మొత్తాన్ని సివిల్ కోర్టు లెక్కలో తీసుకుంటుంది. ఫొటోలు, వీడియోకు భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ దావాతోనే పెట్టండి, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మార్చలేదని చూపే సంఖ్య) సహా. తర్వాత చూద్దాంలే అంటే ఆ ఫోను పాడైపోయి ఉంటుంది.

రాజీ చెడ్డదేమీ కాదు. కానీ 3,76,530 కాగితం బల్ల మీద పెట్టి మాట్లాడండి, రెండు దేనికి సరిపోతుందో వాళ్ళనే చూపించమనండి. రాజీ కుదిరితే తెల్లకాగితం మీద సంతకాలు వద్దు. మండల న్యాయసేవాధికార సంఘంలో ముందస్తు (దావాకు ముందే) అర్జీగా పెట్టి లోక్ అదాలత్‌లో అవార్డు చేయించుకోండి. అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. వాయిదాల్లో ఇస్తామంటే ఒక వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు రాయించండి.

అంటుముడి:
చిన్నాయన వానలకే నాటాలని తొందరపడుతున్నాడు కదా, అదీ న్యాయమే, ఒక ఏడు ఆలస్యమైతే చెట్టుకు ఇంకో 920 పోతుంది, అది మీ తప్పు కింద కోస్తారు.

సివిల్ సైడు:
అందుకే దావాతోపాటే అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు తరఫున చూసి నివేదిక ఇచ్చే వకీలు) కోసం అర్జీ వేయండి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద నష్టం ఎంతో తేల్చడానికి కూడా పంపవచ్చు. ఉద్యాన అధికారి తోడు రావాలని అందులోనే కోరండి. కమిషనర్ చూసి వెళ్ళేదాకా ఆగండి. మరీ వానలు ముంచుకొస్తే సర్వేయరు, వీఆర్వో, ఇద్దరు మధ్యవర్తుల ముందు పంచనామా రాయించి, ప్రతివాదికి రిజిస్టర్డ్ పోస్టులో తేదీ తెలిపి, 52 మొదుళ్ళలో వరుసకు రెండు వదిలి మిగతావి పీకండి. నరికిపడేసిన మానులను కట్టెలకు అమ్మే ముందు అంటుముడి ఉన్న ముక్కను కోసి, నంబరు చీటీ కట్టి, గోనెసంచుల్లో నీడన పెట్టండి. వర్షానికి తడిస్తే బూజుపట్టి ముడి కనబడదు.